భుజంగదేవుడి పొట్టి సూక్తి

కనకవీడు అని ఒకానొక రాజ్యం ఉండేది. అక్కడ పంటలకు కొదవ లేదు, పండితులకు అసలే కొదవ లేదు. దాన్ని ఏలే భుజంగదేవ మహారాజు చెడ్డవాడు కాదు. పన్నులు మితంగానే వేసేవాడు. యుద్ధమన్న మాట వింటేనే ఆయనకు తల నొప్పి వచ్చేది. ఆయనలో ఉన్న లోటల్లా ఒక్కటే. తాను మాట్లాడుతుంటే తనకే ముచ్చటగా ఉండేది.

ఒక ఏడు దసరా కొలువుకు పొరుగు రాజ్యం నుంచి రాయబారి వచ్చాడు. కానుకలు సమర్పించాక చేతులు కట్టుకుని, "మా ప్రభువులు ఈ మధ్య సూక్తులు చెబుతున్నారు మహారాజా. మచ్చుకు ఒకటి వినిపించి రమ్మన్నారు," అన్నాడు.

"వినిపించు," అన్నాడు భుజంగదేవుడు.

"నీడకు బరువు లేదు," అన్నాడు రాయబారి.

తక్కినది ఎప్పుడు చెబుతాడా అని అందరూ ఎదురుచూశారు. తక్కినది లేదు. ఆ సంగతి తెలిశాక కొలువు మొత్తం "ఆహా!" అంది.

కనకవీడు కొలువులో "ఆహా" అనడానికి ఒక పద్ధతి ఉంది. ఆస్థాన పండితుడు శేషావధాని కుడిచెయ్యి ఎత్తాలి. ఆ తరువాతే తక్కినవాళ్ళు అనాలి. ఆ రోజు ఆయన చెయ్యి ఇంకా ఒడిలోనే ఉంది. మహారాజు ఆ చేతిని చూశాడు, కొలువును చూశాడు, లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రాయసం పోలనకు కబురు వచ్చింది.

రాయసం అంటే రాజుగారు చెప్పింది రాసి, ముద్ర వేయించి, దండోరాకు పంపే ఉద్యోగం. పోలన ఆ పని ఏళ్ళ తరబడి చేస్తున్నాడు. ఎంత చిత్రమైన మాట విన్నా అతని ముఖం కదిలేది కాదు. ఆ ఉద్యోగానికి అంతకంటే కావలసిన అర్హత మరొకటి లేదు.

"రాయి పోలనా," అన్నాడు మహారాజు. "నేటి నుంచి మేమును సూక్తులు చెప్పెదము. మా సూక్తియే మా శాసనము. ప్రతి ఊరిలోను దండోరా వేయింపుము. ప్రజలు దానిని అక్షరాలా పాటించవలెను. ఒకసారి చాటిన సూక్తిని మేమైనను వెనుకకు తీసుకొనము."

"చిత్తం ప్రభూ. సూక్తి?"

రాజభవనం వెనక రాజసాగరమనే పెద్ద చెరువు ఉంది. దాని గట్టు మీద ఒక మండపం. మహారాజు ఆ మండపంలో కూర్చుని కాసేపు చెరువు వంక చూశాడు. ఆయనకు కంటి ముందు కనబడే దాని మీద తప్ప ఊహ సాగేది కాదు.

"బాతు నీటిలో ఈదును గాని, నీరు బాతులో ఈదజాలదు. కావున తెలిసినవారు నీటిని నీరనియు, బాతును బాతనియు గ్రహింతురు," అన్నాడు.

శేషావధాని చెయ్యెత్తాడు. ఉన్నవాళ్ళందరూ "ఆహా" అన్నారు. బాతంటే జీవుడని, నీరంటే సంసారమని, రెండోసారి వచ్చిన బాతు మొదటి బాతు కాదని శేషావధాని మధ్యాహ్నం దాకా వివరించాడు.

ఆ సూక్తిని రాజ్యమంతా చాటారు. బాతులు అంతకు ముందు నుంచే దాన్ని పాటిస్తున్నాయి కనుక ఇబ్బందేమీ రాలేదు.

తరువాత మెట్ల మీద ఒకటి వచ్చింది. తామరాకు మీద ఒకటి, కప్ప మీద ఒకటి వచ్చాయి. "కూర్చున్నవాడు నిలుచుండడు" అని మొదలయ్యే సూక్తి ఒకటి చాటినప్పుడు మాత్రం కోట కాపలావాళ్ళు కొంత తికమక పడ్డారు. ఏం చేస్తే అక్షరాలా పాటించినట్టో తెలియక, ఎందుకైనా మంచిదని ఒకడు కూర్చున్నాడు, ఒకడు నిలబడ్డాడు.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. నష్టం చెరువు దగ్గర మొదలయింది.

రాజసాగరం నీళ్ళు గట్టు కింద ఉన్న తూము గుండా కాలువలో పడి దిగువపల్లె పొలాలకు వెళ్ళేవి. తూము తెరిస్తే చెరువులో నీటిమట్టం కాస్త తగ్గేది. మహారాజు ఒకనాడు ఆ సంగతి గమనించాడు. "నీరు తగ్గిన తామరలు వంగును. తామరలు వంగిన మా ఊహలును వంగును," అని చెప్పి తూము మూయించాడు.

దిగువపల్లె పెద్దలు వచ్చి మొర పెట్టుకున్నారు. మహారాజు వాళ్ళకు ఓర్పును గురించి ఒక సూక్తి చెప్పి పంపాడు. వాళ్ళు మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఓర్పే. మూడోసారి వచ్చేసరికి ఆయనకే ఓర్పు పోయింది.

"తూము మాట ఎత్తినవానికి దేశబహిష్కారము!" అన్నాడు.

పోలన అది కూడా రాసి దండోరాకు పంపాడు.

ఆ వారంలోనే ఒక ముసలామె కచేరీ అరుగు ముందు నిలబడి పోలన కోసం అడిగింది. పేరు మాచమ్మ. దిగువపల్లెలో ఆమెకు చిన్న చెక్క పొలం ఉంది. మొగుడు పోయాక తానే అరక కట్టించి, తానే నాట్లేయించుకుంటోంది. ఆమె కొంగులో నుంచి ఒక వరి మొక్క తీసి పోలన చేతిలో పెట్టింది.

పోలన దాన్ని తిప్పి చూశాడు. ఆకుల కొసలు చుట్టుకుపోయాయి. కంకి ఇంకా పొట్టలోనే ఉంది.

"ఈనకముందే ఎండిపోతాంది అయ్యా," అంది మాచమ్మ. "ఇంకో వారం ఇట్టాగే ఉంటే గడ్డి కోసుకోవడమే. తినే గింజ ఉండదు. నీకు ఆయనతో రోజూ మాట్లాడే పని గదా. ఆ ఒక్క మాటా..."

"అవ్వా, ఆ మాట పైకి అనకు," అన్నాడు పోలన. "అంటే నిన్ను పొలిమేర దాటిస్తారు."

"నువ్వంటే?"

"నన్నూ దాటిస్తారు."

"మరి ఎవరనాలయ్యా?"

పోలన ఆ మొక్కను మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు. "రాజుగారే అనాలి," అన్నాడు.

మాచమ్మకు అది ఓదార్పులా వినిపించలేదు. ఓర్పు మీద చెప్పిన సూక్తుల్లో ఇదొకటి అనుకుని వెళ్ళిపోయింది. ఆ మొక్క మాత్రం పోలన చేతిలో ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అతను ఇంటిదాకా పట్టుకునే వెళ్ళాడు.

మర్నాడు మండపానికి వెళ్ళేసరికి మహారాజు చిరాకుగా ఉన్నాడు.

"దండోరాల సంగతి ఏమి పోలనా?"

"బాగానే సాగుతోంది ప్రభూ. చాటేవాడు మాత్రం సూక్తి మధ్యలో ఊపిరి పీల్చుకుంటున్నాడు."

"ఎంత పొగరు! వాడిని మార్చుము."

"మార్చాం ప్రభూ. కొత్తవాడూ పీలుస్తున్నాడు."

మహారాజు చుట్టూ ఒకసారి చూశాడు. తరువాత గొంతు తగ్గించి, "పొరుగు రాజు సూక్తి మధ్యలో ఎవడైనా ఊపిరి పీల్చునా?" అని అడిగాడు.

"దానికి అంత వ్యవధి ఉండదు ప్రభూ."

"హు," అన్నాడు మహారాజు. దసరా నాటి "ఆహా" ఆయన చెవుల్లో ఇంకా అలాగే ఉంది. "మేము పొట్టిగా చెప్పలేమందువా?"

"నేనెంతవాణ్ణి ప్రభూ. పొడుగ్గా చెప్పగలిగినవారే పొట్టిగా చెప్పగలరు. సూక్తి చెప్పడం వడ్లు దంచడం లాంటిదని మా తాత అనేవాడు. ముందు పుట్టెడు పోయాలి. తరువాత దంచాలి. ఊక ఎగిరిపోవాలి, గింజ విరగకూడదు. పోసేవారు మీరున్నారు. దంచడమే జరగడం లేదు."

పక్కనే ఉన్న శేషావధానికి ఈ మాట నచ్చలేదు. "ప్రభువుల వాక్కులో ఊక ఉన్నదందువా?" అన్నాడు.

"గింజ ఎక్కువున్న చోటే ఊక ఎక్కువ ఉంటుంది అవధానిగారూ," అన్నాడు పోలన.

మహారాజుకు ఇది పొగడ్తో కాదో వెంటనే తేలలేదు. పొగడ్తే అని తీర్మానించుకున్నాడు. "సరే. మేము పోసెదము, నీవు దంచుము. కాని ఒక్క మాట వినుము. నీ దంపుడులో మా అర్థము గింజంతైనను చెడెనా, నిన్ను రాజ్యము దాటింతుము. అర్థము చెడినదో లేదో అవధాని చెప్పును."

"చిత్తం."

"దేని మీద చెప్పుదుము?"

"'తెరువు' అన్న మాటతో ముగిసే సూక్తి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు ప్రభూ. తెరువంటే దారి. బ్రతుకుతెరువు అంటాం కదా, ఆ తెరువు. పొరుగు రాజు ప్రయత్నించి మానుకున్నాడని వినికిడి."

ఆ వినికిడి ఎవరిదో మహారాజు అడగలేదు. ఆయన ముఖం వెలిగింది. పోలన వంగి నమస్కరించి, "ఎండ తమ కళ్ళలో పడుతోంది ప్రభూ. ఆసనం కొంచెం ఇటు తిప్పించమంటారా?" అన్నాడు.

ఆసనం తిప్పారు. ఎదురుగా బాతులు పోయి గట్టు వచ్చింది. గట్టు మీద రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య మూసిన తూము తలుపు, దాని మీద ఒక కాకి.

మహారాజు కాకి వంక చూశాడు. కాకి ఎగిరిపోయింది. మిగిలినదాని వంక చూశాడు. చాలాసేపు చూశాడు. పోలన గంటం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. వీపు మీద చెమట కారుతోంది గాని ముఖం ఎప్పటిలాగే ఉంది.

చివరకు మహారాజు కళ్ళు మూసుకుని చెప్పాడు.

"మానవుల మనసనెడి మహా సరోవరమునకు మౌనము మూసిన తూము, మితిమీరిన మాట, ఉన్న నీరంతయు ఊరక పారిపోవు తెరువు."

శేషావధాని చెయ్యి ఎప్పటికంటే ఎత్తుకు లేచింది. పోలన గబగబా తాటాకు మీద రాసుకున్నాడు. రాసుకుంటూ, ఇది నిజంగానే బాగుందే అనుకున్నాడు. అన్నాళ్ళుగా రాజుగారి మాటలు రాస్తున్నా అతనికి అలా అనిపించడం అదే మొదటిసారి.

"ఇక దంచుము," అన్నాడు మహారాజు.

"ముందు 'మానవుల' ప్రభూ. ఎద్దులకు ఎవరూ సూక్తులు చెప్పరు. అది లేకపోయినా మనుషులకేనని తెలుస్తుంది."

"అవధానీ?"

"తీసినచో పశుపక్ష్యాదులకును వర్తించును ప్రభూ. అర్థము పెరిగినది," అన్నాడు శేషావధాని. రాజుగారి వాక్కులో అర్థం తగ్గిందని చెప్పడం ఆయనకు ఉద్యోగరీత్యా చేతకాదు.

"తరువాత 'మనసనెడి మహా సరోవరమునకు'. తూము అనగానే చెరువు మాట ఎలాగూ తోస్తుంది. మౌనం అనగానే మనసు తోస్తుంది."

"'మహా' పోవునే!" అన్నాడు మహారాజు బాధగా.

"తమ నోట వచ్చినది ఏదైనా మహాయే కదా ప్రభూ. వేరే చెబితే, చెప్పనివి కావేమో అనుకుంటారు."

"అది నిజము. తీయుము."

"'మితిమీరిన'. ఈ మాట ఇక్కడ కాస్త..."

"మితిమీరినదా?"

"నేననలేదు ప్రభూ."

"తీయుము."

"'ఉన్న నీరంతయు ఊరక పారిపోవు'. దీని మీద నాకొక భయం. 'పారిపోవు' అన్న మాట రాజుగారి నోట వచ్చిందని శత్రువులకు తెలిస్తే..."

మహారాజు ఉలిక్కిపడ్డాడు. "తీయుము, తీయుము!"

పోలన మిగిలినది చదివాడు. "మౌనము మూసిన తూము, మాట తెరువు."

"ఇందులో 'మూసిన' అనునది అక్కరలేదు," అన్నాడు శేషావధాని. దంపుడులో తనకూ వాటా ఉండాలని ఆయనకు అప్పటికి ఉత్సాహం వచ్చింది. "మన రాజ్యములో తూము అనగానే మూసినదియే కదా."

మండపంలో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోలన ఆ మాటను కూడా కొట్టేశాడు.

"మౌనము తూము, మాట తెరువు," అని చదివాడు.

చదివి ఆగిపోయాడు. ఆ నాలుగు మాటలూ నునుపుదేలిన ఏటిరాయిలా ఉన్నాయి. నోట్లో పెట్టుకుంటే కరగవు, చేతిలోంచి జారవు. మహారాజు కూడా దాన్ని పెదవులతో మెల్లగా అనుకున్నాడు. శేషావధాని చెయ్యెత్తకుండానే, వెనక వింజామర వీచే అతను "ఆహా" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

పోలనకు గంటం ముందుకు కదలలేదు. ఇంత చక్కని సూక్తిని ఇంకా చెక్కితే పాపమనిపించింది. ఇక్కడ ఆపితే ఇది నూరేళ్ళు నిలుస్తుంది. కాని నూరేళ్ళ మాట తరువాత, దిగువపల్లె వరి వారం రోజులు నిలవదు.

"ప్రభూ," అన్నాడు. "ఇక నా చెయ్యి ఆడదు. ఇది బాగుంది. నిజంగా బాగుంది. ఇలాగే ఉంచినా ఉంచవచ్చు. పొరుగు రాజుది మూడు మాటలు, తమది నాలుగు. ఒక్క మాటే తేడా. దాన్ని ఎవరూ పట్టించుకోరు."

మహారాజు కళ్ళు చిన్నవయ్యాయి. "నాలుగా?"

"నాలుగే ప్రభూ. పెద్ద ఎక్కువేం కాదు."

"ఇటు తెమ్ము," అని మహారాజు అతని చేతిలోంచి గంటం లాక్కున్నాడు. "మౌనమును గూర్చి మాటలాడుటయే మౌనభంగము. కావున 'మౌనము' పోవలెను." ఆ మాట మీద గీత పడింది. "ఇక 'మాట'. మేము పలికినది అంతయు మాటయే. మాటను మాట అని వేరుగా చెప్పనేల?" దాని మీదా గీత పడింది.

ఆయన తాటాకును దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. "రెండు! ఎంత మిగిలినది అవధానీ? అర్థము తగ్గెనా?"

"పెరిగినది ప్రభూ, పొంగిపొర్లుచున్నది!" అన్నాడు శేషావధాని. తూమంటే దేహమని, తెరువంటే మోక్షమని, రెంటి మధ్యా ఏమీ లేకపోవడమే వేదాంతమని అప్పటికప్పుడు చెప్పాడు.

మహారాజు స్వయంగా ముద్ర వేశాడు. "పోలనా, నేడే చాటింపుము."

"చివర 'అక్షరాలా పాటించవలెను' అని మామూలుగా ఉండేదే కదా ప్రభూ?"

"ఉండితీరవలెను!"

"చిత్తం," అన్నాడు పోలన.

ఆ మధ్యాహ్నం దిగువపల్లెలో దండోరా వేసేవాడు డప్పు కొట్టి, తాటాకు చూసి, వెనక ఇంకేమైనా ఉందేమోనని తిప్పి చూశాడు. ఏమీ లేదు. ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక్క ఊపిరిలో చాటాడు.

"తూము తెరువు! అక్షరాలా పాటించవలెను! ఇది భుజంగదేవ మహారాజులవారి ఆజ్ఞ!"

మాచమ్మ చేలో ఉంది. పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నావు నాయనా? మళ్ళీ అను!"

"తూము తెరువు!" అన్నాడు వాడు.

ఎవరూ ఇంకొక ప్రశ్న వేయలేదు. పలుగులు, మోకులు పట్టుకుని ఊరంతా గట్టెక్కింది. అక్కడ తూము కాపలావాళ్ళను ఎలా ఒప్పించాలా అనుకుంటూ వెళ్ళారు గాని, ఆ పని పడలేదు. దండోరా కోట దగ్గర ముందే వేశారు. కాపలావాళ్ళు పంచెలు ఎగ్గట్టి అప్పటికే తలుపు లాగుతున్నారు. మీరూ ఒక చెయ్యి వేయండన్నారు. తలుపు కిర్రుమని పైకి లేచింది. నీళ్ళు ఎర్రటి మట్టిని కోసుకుంటూ కాలువలో దూకాయి.

మర్నాడు పొద్దున మహారాజు మండపంలోకి వచ్చేసరికి తామరలు ఒరిగి ఉన్నాయి. బాతులు బురదలో నడుస్తున్నాయి. కాసేపటికి కొలువులో కాపలావాళ్ళు, దిగువపల్లె వాళ్ళు, పోలన, శేషావధాని అందరూ వరసగా నిలబడి ఉన్నారు.

"తూము తెరిచినది ఎవరు?" అని మహారాజు గర్జించాడు.

"మేమే ప్రభూ," అన్నాడు కాపలా నాయకుడు. "తమరి ఆజ్ఞ."

"మేమెప్పుడు ఆజ్ఞాపించితిమి?"

"నిన్న దండోరా వేశారు ప్రభూ. 'తూము తెరువు' అని. మీ సూక్తులన్నిటిలోకీ అదొక్కటే మాకు సాంతం అర్థమయింది."

మహారాజు నోరు తెరిచాడు. ఆ రెండు మాటల్నీ లోపలే ఒకసారి కలిపి అనుకున్నాడు. ముఖం ఎర్రబడింది, తరువాత తెల్లబడింది. పోలన వైపు తిరిగాడు.

"ఇది నీకు ముందే తెలియునా?"

"తెలుసు ప్రభూ," అన్నాడు పోలన.

"అబద్ధమైనను ఆడవా!"

"అడిగింది తమరు ప్రభూ. కాని ఒక్క మనవి. ఆ సూక్తిలో నేను కలిపిన అక్షరం ఒక్కటీ లేదు. మిగిలినవి రెండూ తమ మాటలే. నేను నాలుగు దగ్గర ఆగిపోయాను. రెండు చేసింది తమ చెయ్యి."

"చాలు! తూము మాట ఎత్తినవానికి దేశబహిష్కారమని శాసనమున్నది, ఎరుగుదువా?"

"ఎరుగుదును ప్రభూ. రాసింది నేనే."

"అయితే ఆ మాట మొదట ఎత్తినవానిని..." అని మహారాజు చెయ్యి చాచి, అలాగే ఆగిపోయాడు.

మొదట ఎత్తింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. చెప్పేవాడే లేడు. మూసిన తూము గురించి తాను అన్నది గుర్తొచ్చి, శేషావధాని మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసి స్తంభం చాటుకు చేరాడు.

"ఆ శాసనం అమలు జరపడానికి నాకు అభ్యంతరం లేదు ప్రభూ," అన్నాడు పోలన నిదానంగా. "పల్లకి సిద్ధం చేయించమంటారా? ఏ పొలిమేర దాకా?"

మహారాజు చెయ్యి దిగింది. ఆయనకు ఎటు చూడాలో తెలియలేదు. అప్పుడు దిగువపల్లె వాళ్ళలోంచి మాచమ్మ ముందుకు వచ్చింది. కాళ్ళకు మోకాళ్ళదాకా బురద ఎండి ఉంది. ఆమెకు కొలువు పద్ధతులు తెలియవు. పోలన ఎత్తులు, పండితుల అర్థాలు అంతకన్నా తెలియవు.

"మారాజా, నీ కాలు మొక్కుతా," అంది. "రాత్రి నా చేలో నీళ్ళు నిలిచినాయి. పొద్దున చూస్తే ఆకు విచ్చుకుంది. నువ్వు చల్లగుండాలి."

మహారాజు ఆమె వంక చూశాడు. కోపంలో ఉన్నా ఆయనకు ఒక సందేహం వచ్చింది, అడగకుండా ఉండలేకపోయాడు. "మా తక్కిన సూక్తులు మీ ఊరికి రాలేదా?"

"ఎందుకు రాలేదు మారాజా! అన్నీ విన్నాం. బాతు గురించి విన్నాం. మంచిదే. కప్ప గురించి కూడా విన్నాం." మాచమ్మ ఆగి, మర్యాదగా చెప్పడానికి కొంత వెతుక్కుంది. "అవన్నీ డప్పు కాడే ఆగిపోయినాయి. నీ మాట మా చేను దాకా రావడం ఇదే మొదలు."

భుజంగదేవుడు ఆమె కాళ్ళకు ఎండిన బురద వంక చూశాడు. ఆయన బుజాలు ముందు కదిలాయి. తరువాత మీసాలు కదిలాయి. పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పోలనను చూసి నవ్వాడు. శేషావధాని స్తంభం చాటునుంచి చెయ్యెత్తాడు గాని, కొలువు అప్పటికే నవ్వుతోంది.

"ఓరి రాయసగాడా!" అన్నాడు మహారాజు. "నా చేతనే నా ఆజ్ఞ కొట్టివేయించితివి గదరా. అదియు నా గంటముతోనే."

"గంటం నాది ప్రభూ," అన్నాడు పోలన. "చెయ్యి తమది."

మహారాజు తన ముంజేతి కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. పట్టుశాలువా కప్పాడు. ఆనాటినుంచి రాజముద్ర పడే ప్రతి ఆజ్ఞా పోలన చేతిలో దంపుడు పడ్డాకే బయటికి పోవాలన్నాడు. తూము మీది పాత శాసనాన్ని రద్దు చేసి, కోతలయ్యేదాకా తలుపు దించవద్దన్నాడు. మాచమ్మకు ఏం కావాలని అడిగితే, ఇంటికి పోవడానికి సెలవిమ్మంది. చేలో నీళ్ళకు మడవ మార్చే వేళయిందట.

"ఆ నాలుగు మాటలది కూడ రాసి పెట్టుము," అన్నాడు మహారాజు లేస్తూ, పోలనకు మాత్రమే వినబడేలా. "అది బాగుండెను."

"రాత్రే రాసి ఉంచాను ప్రభూ," అన్నాడు పోలన.

ఆ ఏడు దిగువపల్లెలో వరి బాగా పండింది. కొత్త బియ్యం తెచ్చి ఊరివాళ్ళే రాజుగారి వంటసాలలో ఇచ్చారు. విస్తళ్ళు వేశారు. తెల్లటి అన్నం, ముద్దపప్పు, పైన నెయ్యి. మహారాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సూక్తి వస్తోందని అందరికీ తెలిసిపోయింది. పోలన గంటం తీశాడు. శేషావధాని ఎడమచేత్తోనైనా సరేనని సిద్ధమయ్యాడు. వడ్డించేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

మహారాజు నమిలి, మింగి, కళ్ళు తెరిచాడు.

"ఇంకొంచెం పెట్టండి," అన్నాడు.